అంటించిన పేరు నిలవాలంటే

జంషెడ్‌పూర్ నగరంలో భాలుబాసా, సిద్‌గోడా పేటల దాపున అగ్రికో అనే పేట ఉన్నది. 1925 నుండి రైతులకు పారలు, పికాసులు, సుత్తెలు వంటి చేతి పనిముట్లను అందించిన టాటా అగ్రికో పేరే ఈ పేటకు స్థిరపడింది. ఉక్కు కర్మాగారంలో పనికై తెలుగునాట నుండి తరాల క్రితమే తరలివచ్చిన కుటుంబాలు ఈ నగరంలో ఎన్నో ఉన్నవి. అటువంటి కుటుంబంలోని ఒక గృహిణికి మా శాఖ ఇచ్చిన చిన్న రుణం నాకు ఒక పాఠం నేర్పింది. ఆ పాఠాన్ని రుణగ్రహీతల ముందు, వర్తకుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆమె అగ్రికోలోని తన ఇంటి వసారాలో ఆవకాయ, మాగాయ, గోంగూర పచ్చడి పెట్టి అమ్ముకొనేది. ఆమె చేతి రుచి చుట్టుపక్కల వారందరికీ తెలిసినదే. వ్యాపారాన్ని కొంత పెంచుకొని దుకాణాలకు కూడా వేయాలన్న ఆశతో రుణం కోరి వచ్చింది. ఆమె తెచ్చిన అంచనా పత్రంలో మామిడికాయలు, నువ్వుల నూనె, ఆవపిండి, కారం, జాడీలు, ప్లాస్టిక్ సీసాలు అన్నీ వివరంగా ఉన్నవి. వాటి నడుమ "లేబుళ్ళు – ప్లాస్టిక్ రకం" అనే పద్దు ఒకటి ఉన్నది. ఆ అంచనాను పరిశీలించిన క్షేత్రాధికారిని నేనే. రుణం మొత్తాన్ని అదుపులో ఉంచుతున్నానన్న ధీమాతో ఆ పద్దును సగానికి తగ్గించి, "కాగితపు లేబుళ్ళు చాలును" అని పక్కన వ్రాశాను.

వేసవిలో పెట్టిన ఆవకాయ తొలకరి నాటికి సాక్చీ బజారులోని దుకాణాలకు చేరింది. మూత అంచు నుండి జారిన నూనెను కాగితం పీల్చుకొన్నది. వానాకాలపు తేమకు లేబులు అంచులు లేచి చుట్టుకొన్నవి. రబ్బరు ముద్రతో వేసిన తయారీ తేదీ, బ్యాచి సంఖ్య అలుక్కుపోయినవి. తేదీ కనబడని సీసాను ఏ దుకాణదారుడూ అట్టే పెట్టుకోడు. నెల తిరగకుండానే సీసాలు పెట్టెలతో సహా తిరిగి వచ్చినవి. తనిఖీకి వెళ్ళిన నా చేతికి ఆమె ఒక సీసా ఇచ్చి, "లోపలి సరుకు చెడలేదు బాబూ, పైన పేరే పోయింది. పేరు లేనిదాన్ని ఎవరు కొంటారు?" అన్నది.

నా వద్ద సమాధానం లేకపోయింది. రసాయన శాస్త్రం ఒక పాఠ్యాంశంగా బి.ఎస్సీ. చదివిన నాకు కాగితం నూనె పీలుస్తుందన్న సంగతి తెలియనిది కాదు. లెక్క మాత్రమే చూసి సరుకును చూడకపోవడం వలన జరిగిన పొరపాటు అది. ఆ పొరపాటు నాది, నష్టం ఆమెది.

లేబులు అలంకారం కాదు

లేబులును చాలామంది సరుకు తయారైన తరువాత పైన పెట్టే బొట్టు వంటిదిగా భావిస్తారు. బ్యాంకు వారమైన మేము కూడా అంతే. షెడ్డు కొలతలు చూస్తాము, యంత్రం కొటేషన్లు మూడింటిని పోల్చి చూస్తాము. "ప్యాకింగు తదితరములు" అన్న చివరి వరుసకు వచ్చేసరికి కలం దానంతటదే ఆ అంకెను తగ్గిస్తుంది. ఈ అలవాటును మార్చుకోవాలన్నదే నా అభిప్రాయం. ఉత్పత్తిదారు ఇంటి గడప దాటిన తరువాత సరుకు తరఫున మాట్లాడేది లేబులు ఒక్కటే. అది ఊడిపోతే తయారు చేసినవారు ఎవరో, ఏనాటిదో, ఎంత తూకమో, ఎంత వెలో చెప్పే దిక్కు ఉండదు.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాము. కాగితపు లేబులుకు, ప్లాస్టిక్ ఫిలిం లేబులుకు సీసాకు ఒక రూపాయి తేడా ఉన్నదనుకుందాము. ఐదు వందల సీసాలకు కాగితం వాడితే మిగిలేది ఐదు వందల రూపాయలు. సీసా వెల నూట యాభై రూపాయలు అనుకుంటే, నాలుగంటే నాలుగు సీసాలు తిరిగి వచ్చిననాడు ఆ మిగులు పోయి, పైన వంద రూపాయలు ఎదురు నష్టం. తిరిగి వచ్చిన సీసాలతో పాటు పోయిన దుకాణదారుని నమ్మకానికి లెక్క కట్టడం ఇంకా కష్టం.

అయితే ఖరీదైన లేబులే మంచి లేబులు అని కూడా నేను అనను. కందిపప్పు సంచికి, పసుపు పొట్లానికి ఫిలిం లేబులు వేయడం దండుగ. ఏ సరుకుకు ఏది తగునో తెలుసుకొని ఎన్నుకోవడమే వివేకం.

మొదట వేయవలసిన ప్రశ్న

ముద్రణాలయానికి వెళ్ళిన ఉత్పత్తిదారు మొదట అడిగేది "ఎన్ని రంగులు? వెయ్యికి ఎంత?" అని. ఆ రెండు ప్రశ్నలకు ముందు తనను తాను అడగవలసినది వేరొకటి ఉన్నది: ఈ లేబులు ఎంతకాలం బ్రతకాలి?

కొన్ని లేబుళ్ళు సరుకు కంటె ఎక్కువ కాలం బ్రతకాలి. పురుగుమందు సీసా మీదిది, స్ప్రేయరు మీద, పంపుసెట్టు మీద ఉండే వివరాల పట్టీ ఈ కోవకు చెందినవి. కొన్ని సరుకు అయిపోయేవరకు నిలిస్తే చాలును. పచ్చళ్ళు, తేనె, నెయ్యి సీసాల లేబుళ్ళు అటువంటివి. కొన్ని మూత తెరవగానే చిరిగిపోవాలి; అలా చిరగకపోతే సీలు వేసిన ప్రయోజనమే లేదు. మరికొన్ని కొన్నవారు పీకగానే మచ్చ మిగల్చకుండా ఊడి రావాలి. స్టీలు గిన్నె మీది ధర చీటీని గోటితో గీకి గీకి విసిగిపోయిన ఇల్లాలిని అడిగితే దీని విలువ చెబుతుంది.

ఈ భేదం పనిముట్లలో స్పష్టంగా కనబడుతుంది. పార మీద అంటించిన కాగితం దుకాణంలో కొనుగోలుదారుకు పరిమాణం, రకం, వెల చెప్పడానికే. పొలంలో దిగిన మొదటి రోజునే అది మట్టిలో కలిసిపోతుంది. పార అరిగిపోయేవరకు నిలవవలసిన తయారీదారు పేరును ఇనుములోనే అచ్చు కొట్టాలి. చిన్న కమ్మరి కొలిమికి రుణం తీసుకొన్నవారు సైతం ఈ పద్ధతిని పాటించవచ్చును. వెల చెప్పే పని కాగితానికి, పేరు నిలిపే పని ఇనుముకు అప్పగించాలి.

తెరిస్తే తెలిసిపోయే ముద్ర మనకు కొత్తది కాదు. దేశంలో లక్క అధికంగా పండేది ఝార్ఖండ్ రాష్ట్రంలోనే. మోదుగ, రేగు, ఇక్కడివారు కుసుం అని పిలిచే చెట్లపై లక్క పురుగును పెంచి గిరిజన రైతులు దీనిని పండిస్తారు. రాంచీ దాపున నామ్‌కుంలో 1924లోనే లక్క పరిశోధన సంస్థ వెలసింది. బంగారంపై రుణం ఇచ్చినప్పుడు నగల సంచికి లక్క ముద్ర వేయడం బ్యాంకులలో పాత ఆచారం. లక్క ముద్ర గొప్పతనం దాని గట్టితనంలో లేదు. తెరిస్తే తప్పక పగులుతుంది, పగిలినదాన్ని గుట్టుగా అతికించడం సాధ్యం కాదు. నేడు మూతలపై అంటించే సీలు లేబుళ్ళు చేసేదీ అదే పని. పీకితే ముక్కలయ్యే పలుచని రకాన్నే అందుకు వాడాలి. తేనె సీసాకు దృఢమైన ఫిలిం పట్టీని సీలుగా వేసి, దానిని జాగ్రత్తగా ఊడదీసి కల్తీ చేసి తిరిగి అంటించే అవకాశం ఇవ్వరాదు.

తామరాకు మీద నీటిబొట్టు

అంటుకొనే లేబులులో మూడు పొరలు ఉంటాయి. పైన ముద్రణ వేసే పొర, దాని వెనుక జిగురు, ఆ జిగురును కాపాడే నున్నని వెనుక కాగితం. వెనుక కాగితానికి సిలికాను పూత ఉండటం వలన జిగురు దానికి పట్టక తేలికగా విడివడుతుంది. తడి అవసరం లేకుండా ఒత్తితే అంటుకొనే ఈ తరహా లేబుళ్ళను యంత్రంపై తయారు చేయడం అమెరికాలో స్టాంటన్ ఏవరీ అనే వ్యక్తి 1935లో ప్రారంభించాడు. అంతకు ముందు మన ఇళ్ళలో వలెనే అక్కడా గోందు, మైదా జిగురే గతి.

జిగురు గట్టిదైతే ఎక్కడైనా అంటుకొంటుందన్నది అపోహ. తామరాకు మీద నీటిబొట్టు నిలవదు. అది నీటి దోషం కాదు, ఆకు స్వభావం. అదే విధంగా కొన్ని ఉపరితలాలు జిగురును తమపై పరచుకోనివ్వవు. గాజు, స్టీలు, పింగాణి వంటివి జిగురును సులభంగా స్వీకరిస్తాయి. పాలిథీన్, పాలీప్రొపిలీన్ వంటి ప్లాస్టిక్‌లు మైనం పూసినట్లు ఉండి జిగురును దూరం పెడతాయి. పాల క్యాన్లు, పురుగుమందు సీసాలు, పచ్చడి డబ్బాలు, మూతలు ఎక్కువగా ఈ ప్లాస్టిక్‌లతోనే తయారవుతాయి. తళతళలాడే నీళ్ళ సీసా రకం ప్లాస్టిక్, అనగా పెట్, వీటి కంటె నయం. కనుక లేబులు ఆర్డరు ఇచ్చేటప్పుడు నోటితో చెప్పి ఊరుకోక, ఖాళీ సీసానే ముద్రణాలయానికి తీసుకొని వెళ్ళాలి.

జిగురులో ముఖ్యంగా రెండు జాతులు. రబ్బరు తరహా జిగురు తాకీ తాకగానే పట్టుకొంటుంది, మైనపు తరహా ప్లాస్టిక్‌ల మీద, గరుకు అట్టపెట్టెల మీద బాగా పని చేస్తుంది. కాని ఎండవేడికి మెత్తబడి జారుతుంది, కాలం గడిచేకొద్దీ పసుపు బారుతుంది. అక్రిలిక్ తరహా జిగురు నిదానంగా పట్టుకొంటుంది. పూర్తి పట్టు రావడానికి ఒక రోజు పట్టవచ్చును. పట్టిన తరువాత మాత్రం ఎండకు, వేడికి, కాలానికి ఓర్చుకొంటుంది. అందువలన అంటించిన వెంటనే అంచు పట్టి లాగి చూసి "ఇది పనికిరాదు" అని తీర్పు చెప్పరాదు. మరునాడు చూడాలి.

ఇక అంటించే వేళ కూడా ముఖ్యమే. జంషెడ్‌పూర్‌లో వేసవి పగళ్ళు 40 డిగ్రీలు దాటుతాయి. చలికాలపు తెల్లవారుజామున 10 డిగ్రీల దరిదాపులకు దిగుతుంది. చల్లని సీసాకు మామూలు జిగురు సరిగా పట్టదు. చలికాలంలో ఎండెక్కిన తరువాత అంటించడం మేలు. నూనె మరక, దుమ్ము, చెమ్మ ఉన్న సీసాపై ఎంత మంచి లేబులైనా నిలవదు. పచ్చడి నింపిన తరువాత కాక, నింపక ముందే పొడి గుడ్డతో తుడిచి లేబులు అంటించి, ఒక రోజు ఆగి నింపుకొంటే సగం చిక్కులు తీరుతాయి. ఈ సలహాకు పైసా ఖర్చు లేదు.

సరుకును బట్టి పదార్థం

పొడి సరుకులు: పసుపు, కారం, రాగిపిండి, పప్పులు, అటుకులు వంటి పొడి సరుకులకు పూత పూసిన కాగితపు లేబులు సరిపోతుంది. ముద్రణ అందంగా వస్తుంది, ధర తక్కువ. పొట్లం మడతపడే చోట కాక చదునైన చోట అంటించాలి.

నూనె, తేమ గల సరుకులు: పచ్చళ్ళు, నెయ్యి, తేనె, నూనెలకు పాలీప్రొపిలీన్ ఫిలిం లేబులు తగినది. అది నూనెను, నీటిని పీల్చదు. అయితే ఫిలిం మీద వేసిన సిరా కూడా నూనెకు తట్టుకోవాలి. ముద్రణ పైన మరొక పలుచని పారదర్శక పొర వేయించుకొంటే మంచిది. పిండితే నొక్కుకుపోయే మెత్తని సీసాలకు మెత్తని పాలిథీన్ ఫిలిం వాడాలి. గట్టి ఫిలిం అయితే ముడతలు పడి లేస్తుంది.

చల్లని సరుకులు: పనీరు, చేపలు, మాంసం వంటివి మంచులో, శీతల పెట్టెలలో ఉంటాయి. బయటకు తీయగానే సీసా చెమరుస్తుంది. వీటికి శీతలానికి ప్రత్యేకించిన జిగురు గల ఫిలిం లేబుళ్ళు దొరుకుతాయి. ఆ మాట స్పష్టంగా చెప్పి కొనాలి. ప్యాకెట్టు చల్లబడక ముందే లేబులు అంటించడం ఇంకా శ్రేయస్కరం.

యంత్రాలు, ఎండలో ఉండే వస్తువులు: పంపుసెట్లు, స్ప్రేయర్లు, పాల క్యాన్ల వంటివాటికి పాలిస్టరు లేబులు ఎక్కువ కాలం నిలుస్తుంది. ఇనుప వస్తువుకు తుప్పు పట్టకుండా నూనె పూసి ఉంటే, లేబులు అంటించే చోటును ముందుగా శుభ్రం చేయాలి. పచ్చి రంగు మీద అంటించిన లేబులు రంగుతో సహా ఊడి వస్తుంది.

గోనె సంచులు: గోనెకు, గుడ్డకు జిగురు లేబులు పనికిరాదు. విత్తనాల సంచిని చూడండి. మూల విత్తనానికి తెల్లని చీటీ, ధ్రువీకృత విత్తనానికి నీలి చీటీ ఉంటుంది. వాటిని అంటించరు, సంచి మూతితో కలిపి కుడతారు. జిగురు పట్టని చోట దారం పట్టుకొంటుంది.

తాజా పండ్లు: పండు తొక్క మీదనే నేరుగా స్టిక్కరు అంటించే అలవాటు మంచిది కాదు. ఆ జిగురు ఆహారానికి తగినదో కాదో రైతుకు తెలిసే అవకాశం లేదు. బుట్టకు, అట్టపెట్టెకు అంటిస్తే చాలును.

తేదీల ముద్రణ విషయమై ఒక హెచ్చరిక. సిరా లేకుండా వేడితోనే అక్షరాలు తేల్చే లేబుళ్ళు చౌక. కాని అవి ఏటీఎం రసీదు వంటివి. జేబులో నెల రోజులున్న రసీదు ఏమవుతుందో ఖాతాదారులందరికీ అనుభవమే. ఎండకు, నూనెకు ఆ అక్షరాలు వెలిసిపోతాయి. వేడికి కాగితమంతా నల్లబడుతుంది. రెండు మూడు రోజుల్లో అమ్ముడయ్యే రొట్టెలకు, మిఠాయిలకు అవి చాలును. ఏడాది నిలవ ఉండే ఆవకాయకు రిబ్బను సహాయంతో ముద్రించే రకమే వాడాలి.

ఎక్కువ కొంటే చౌక అన్న ఆశతో పదివేల లేబుళ్ళు ఒకేసారి కొట్టించవద్దని కూడా నా మనవి. వెల మారవచ్చు, చిరునామా మారవచ్చు, నిబంధనలు మారవచ్చు. పైగా వేడి గదిలో, నేల చెమ్మలో దాచిన లేబుళ్ళ జిగురు చెడుతుంది. ఒక అమ్మకాల కాలానికి సరిపడా మాత్రమే కొని, వెల, తేదీ గడులను ఖాళీగా ఉంచి తరువాత ముద్రించుకోవడం ఉత్తమం.

ప్రాణాలకు సంబంధించిన లేబులు

పచ్చడి లేబులు పోతే డబ్బు పోతుంది. పురుగుమందు లేబులు పోతే ప్రాణం పోవచ్చును. ఈ పత్రికను చదివే ఎరువుల, పురుగుమందుల వర్తకులకు ఈ భాగాన్ని ప్రత్యేకంగా విన్నవిస్తున్నాను.

1971 నాటి క్రిమిసంహారక మందుల నిబంధనల ప్రకారం ప్రతి సీసా లేబులు మీద మూల నిలిపిన చతురస్రం ఒకటి ఉండాలి; లేబులు ముఖభాగంలో పదహారో వంతుకు తగ్గకుండా అది కనబడాలి. దాని క్రింది సగంలోని రంగు విష తీవ్రతను తెలుపుతుంది. ఎరుపు అత్యంత విషపూరితం, పసుపు ఆ తరువాతిది, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ స్వల్పం. అక్షరం రాని రైతుకూలీకి సైతం అర్థం కావాలనే ఈ ఏర్పాటు. కాని మామూలు సిరాలలో ఎండకు ముందుగా వెలిసేవి తరచుగా ఎరుపు, పసుపు రంగులే. దుకాణం ముందు ఎండలో బారులు తీర్చిన సీసాలలో, అన్నిటికంటె ఎక్కువ ప్రమాదాన్ని చెప్పవలసిన రంగే అన్నిటికంటె ముందుగా మూగబోతుందన్నమాట. సీసాలను నీడలో ఉంచడం వర్తకుని బాధ్యత.

2013 జులై 16న మా పొరుగు రాష్ట్రమైన బీహారులోని సారణ్ జిల్లా, గండామన్ గ్రామంలో బడిలో మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది పిల్లలు మరణించారు. ఆ భోజనంలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసినట్లు పరీక్షలలో తేలింది. అక్కడ లేబులే కారణమని నేను అనడం లేదు. పురుగుమందు వంటింటి దాపుకు, వంటపాత్ర దాపుకు చేరితే జరిగే దారుణం ఎటువంటిదో ఆ సంఘటన దేశానికి చూపింది. గుర్తు చెరిగిన డబ్బా ఆ దాపుకు చేరడం ఎంత సులభమో ఆలోచించండి. లేబులు లేని సీసా పల్లెలో ఊరికే పారవేయబడదు. కడిగి, కిరోసిన్‌కో, నూనెకో, నీటికో వాడుకొంటారు.

కాబట్టి వర్తక సోదరులు మూడు నియమాలు పాటించాలి. లేబులు ఊడిన, చదవరాని సీసాను అమ్మకుండా సరఫరాదారుకు తిప్పి పంపాలి. పెద్ద డబ్బా నుండి చిన్న సీసాలలోకి విడిగా పోసి అమ్మరాదు. నిబంధనల ప్రకారం ప్యాకింగు, లేబులు లేని మందును నిల్వ ఉంచడమే నేరం. ఖాళీ సీసాను మూడుసార్లు కడిగి, ఆ నీటిని పిచికారీ ట్యాంకులోనే పోసి, సీసాకు చిల్లు పొడవమని ప్రతి రైతుకూ చెప్పాలి.

చట్టం చెప్పే మాట

ప్యాకెట్టు సరుకుల తూనికలు, కొలతలకు సంబంధించిన 2011 నాటి నిబంధనలు తయారీదారు పేరు, చిరునామా, సరుకు పేరు, నికర తూకం, తయారీ నెల, సంవత్సరం, అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదులకు సంప్రదించవలసిన వివరాలు కోరుతాయి. ఆహార పదార్థాలకు ఇవి గాక 2020 నాటి లేబులింగు నిబంధనలు కూడా వర్తిస్తాయి. ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల సంఖ్య, శాకాహారానికి ఆకుపచ్చ చుక్క గుర్తు మొదలైనవి ఉండాలి.

ఇందులో వర్తకులు తరచు తప్పటడుగు వేసే చోటు ఒకటి. ముద్రించిన ధర మీద మరొక స్టిక్కరు అంటించి ధర పెంచడం చెల్లదు. ధర తగ్గించినప్పుడు మాత్రం స్టిక్కరు వేయవచ్చు. అదైనా అసలు ధరను కప్పివేయరాదు. తప్పు ముద్రణను స్టిక్కరుతో కప్పి గట్టెక్కవచ్చునన్న భరోసాతో అచ్చుకు తొందరపడేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇంటి పరీక్ష

లేబుళ్ళు వేల సంఖ్యలో కొట్టించే ముందు నమూనాగా పది తెచ్చుకొని, వాడబోయే సీసాలకే అంటించి, ఒక రోజు ఆగి ఈ పరీక్షలు చేయవచ్చును. ఒక సీసాను రాత్రంతా నీళ్ళ బకెట్టులో ఉంచాలి. ఒకదాని లేబులును నూనె అంటిన బొటనవేలితో ఇరవైసార్లు రుద్దాలి. ఒకదాన్ని వారం రోజులు రేకుల కప్పు మీద ఎండలో పెట్టాలి. ఒకదాన్ని ఫ్రిజ్‌లో ఉంచి తీసి, చెమర్చిన తరువాత అంచులు చూడాలి. నాలుగింటిని అట్టపెట్టెలో సర్ది బస్సు మీద ఒక ఊరికి పంపి తెప్పించుకోవాలి. మిగిలిన రెండింటిని ముట్టుకోకుండా పోలికకై ఉంచాలి. వారం తిరిగేసరికి ఏ లేబులు నిలిచిందో, ఏ అక్షరం చెరిగిందో కళ్ళకు కట్టినట్లు తెలుస్తుంది. ఏ ప్రయోగశాలా అవసరం లేదు.

బ్యాంకులు చేయవలసినది

ఇంతవరకు రుణగ్రహీతలకు, వర్తకులకు చెప్పాను. మా బాధ్యత చెప్పకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది.

మొదటిది, చిన్న పరిశ్రమల రుణ దరఖాస్తులలో లేబులు ఖర్చును "ప్యాకింగు తదితరములు" నుండి వేరు చేసి చూపాలి. ఏ సరుకు, ఏ సీసా, ఏ పదార్థం, ఏ జిగురు అన్న నాలుగు మాటలు అక్కడ ఉండాలి. రెండవది, లేబులు అంటించిన నమూనా సీసాను మంజూరుకు ముందే అధికారి చూడాలి. మూడవది, మొదటి వర్షాకాలంలో జరిపే తనిఖీలో దుకాణంలోని సీసాను కూడా పరిశీలించాలి. ఇంట్లోని నిల్వను లెక్కించినంత మాత్రాన తనిఖీ పూర్తి కాదు. నాలుగవది, నగదు పరపతి పొందిన వర్తకుల నిల్వను లెక్కించేటప్పుడు లేబులు చెరిగిన పురుగుమందు సీసాకు విలువ కట్టరాదు. చట్టప్రకారం అమ్మరాని సరుకు బ్యాంకుకు హామీ ఎట్లా అవుతుంది?

సాయం లేకపోలేదు. 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల పథకం పరిశ్రమ పెట్టుబడిపై 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల సబ్సిడీతో పాటు, బృందాలకు పేరు ప్రచారం, ప్యాకింగు పనులకు కూడా చోటు కల్పించింది. ఝార్ఖండ్ మహిళా సంఘాల సరుకులకు 2020లోనే "పలాశ్" అనే ఉమ్మడి పేరు వచ్చింది. మన వైపు 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ తేనె "గిరిజన్" పేరుతో ఎంత ప్రసిద్ధమో పాఠకులకు తెలుసు. అడవిలో తేనె సేకరించిన మనిషిని పట్నం కొనుగోలుదారు ఎన్నడూ చూడడు. ఆ సీసా మీది పేరునే నమ్ముతాడు.

అగ్రికోలోని ఆ తల్లికి తరువాత జరిగినది చెప్పి ముగిస్తాను. తిరిగి వచ్చిన సీసాలలోని ఆవకాయను ఆమె తెలిసినవారికి తక్కువ ధరకు అమ్ముకొన్నది. రెండు వాయిదాలు ఆలస్యమయ్యాయి. ఆలస్యానికి కారణాన్ని నా తనిఖీ నివేదికలో నా తప్పిదంగానే వ్రాశాను. మరుసటి వేసవికి నిర్వహణ పెట్టుబడిని పునరుద్ధరించేటప్పుడు ఆమె అడిగిన పద్దును అడిగినంతా ఉంచాము. ఈసారి ఆమె నమూనా సీసాను మా శాఖకే తెచ్చి బల్ల మీద పెట్టి, "నూనె చేత్తో మీరే రుద్ది చూడండి బాబూ" అన్నది. రుద్ది చూశాను. అక్షరం చెదరలేదు. ఆ తరువాతనే సంతకం చేశాను.

లేబుళ్ళ విషయమై ఇటువంటి మంచి చెడు అనుభవాలు ఉన్న రుణగ్రహీతలు, వర్తకులు వాటిని తమ శాఖలోని క్షేత్రాధికారికి తప్పక తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. దరఖాస్తులో ఆ పద్దును తగ్గించబోయే అధికారికి ఆ మాట ముందుగా చేరితే, మరొకరి సరుకు పేరు పోకుండా నిలుస్తుంది.